దోస్తులతో పాటల రాత్రి: వరంగల్, హనుమకొండలో ఎలా ప్లాన్ చేసుకోవాలి

శనివారం సాయంత్రం ఆరింటికి ఆఫీసు గ్రూపులో ‘ఇయ్యాల ఎటన్న పోదామా?’ అని మెసేజ్ పెడితే ఎనిమిదిన్నరకు సగం మంది వస్తారు. చోటు వెతుక్కునేసరికి తొమ్మిదిన్నర అవుతుంది, పదింటికి మైకు బందు. పాట వినాలని బయల్దేరిన రోజు పాట చెవిన పడాలి, వచ్చినవాళ్లంతా క్షేమంగా ఇల్లు చేరాలి. ఈ రెండింటికీ బుధ, గురువారాల్లోనే పని మొదలుపెట్టాలి.

ఏ పాటకు పోతున్నారో తేల్చుకోండి

లైవ్ మ్యూజిక్ అంటే రెస్టారెంట్‌లో గిటార్ పట్టుకుని పాడే పిల్లగాడొక్కడే కాదు. మన దిక్కు రాత్రిపూట పాట చాలా తీర్లుగా ఉంది, ఒక్కో తీరుకు తయారీ వేరు.

హనుమకొండ బాలసముద్రంలో కాళోజీ కళాక్షేత్రం ఉంది. 2024 నవంబర్ 19న తెరిచారు. మూసిన హాలు, కుర్చీలు, మంచి వేదిక. ఇలాంటి చోటుకు అరగంట ముందే పోవాలి. పాట మొదలయ్యాక చీకట్లో ఎనిమిది మంది ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ వరుసలోకి దూరడం పాడేవాళ్లకూ వినేవాళ్లకూ ఇబ్బందే. పబ్లిక్ గార్డెన్‌లోని నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణంలో కూడా పాట, నాటకం, మిమిక్రీ కార్యక్రమాలు జరుగుతుంటాయి. నిట్ కాలేజీలో పిల్లలు చేసే స్ప్రింగ్ స్ప్రీ ఉత్సవం పూర్తిగా వేరే లోకం: నిలబడి వినడం, పెద్ద బాక్సులు, పెద్ద జనం. బయటివాళ్లను ఏ రోజు రానిస్తారో, పాస్ కావాలో ముందే కనుక్కుని, గుర్తింపు కార్డు జేబులో పెట్టుకుని పోండి.

ఖవ్వాలీ ఇష్టమున్నవాళ్లు సఫర్ నెలలో కాజీపేట దర్గా ఉర్సు ఎప్పుడో చూసుకోవాలి. శాస్త్రీయ సంగీతం కావాలంటే వేములవాడ రాజన్న గుడిలో ఏటా త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరుగుతాయి. ఇక డోలు కొడుతూ దేవుళ్ల కథలు పాడి చెప్పే ఒగ్గుకథ కోసం ఐనవోలు మల్లన్న జాతర ఉండనే ఉంది. సంక్రాంతికి మొదలై ఉగాది దాకా సాగుతుంది. ఆఫీసు దోస్తుల్లో వేరే రాష్ట్రం వాళ్లుంటే ముందుగా ఐనవోలుకే తీసుకుపోవాలని మా గట్టి అభిప్రాయం. గిటార్ పాట వాళ్లకు ఎక్కడైనా దొరుకుతుంది. డోలు, తాళాలు, దేవుడి ముందు రంగు పొడులతో వేసే పట్నం ముగ్గు మధ్య మల్లన్న కథ వాళ్ల ఊళ్లో దొరకదు.

ఒక సంగతి గ్రూపులో సూటిగా అడగండి: వినడానికి పోతున్నామా, మాట్లాడుకోవడానికా? రెండూ ఒకేసారి కుదరవు. సగం మంది వారం ముచ్చట్లన్నీ చెప్పుకుంటుంటే మిగతా సగం పాట వినలేక మొహం మాడ్చుకుంటారు. ఆరింటికి ఏదైనా హోటల్‌లో కూర్చుని తిని, కడుపునిండా ముచ్చట పెట్టుకుని, ఏడుంబావుకు లేచి పాటకు పోతే ఇద్దరి కోరికా తీరుతుంది.

మంది ఆరు నుంచి ఎనిమిది దాకా ఉంటే బాగుంటుంది. ఎనిమిది దాటితే బల్ల రెండు ముక్కలవుతుంది, బండ్లు మూడవుతాయి, ఎవరో ఒకరి కోసం ఎదురుచూడటంతోనే గంట పోతుంది.

ఇంటికెలా చేరాలో ముందు రాసుకోండి

ప్లాన్‌ను వెనకనుంచి కట్టుకురావాలి. ఎవరు ఎన్నింటికి ఇంట్లో ఉండాలి, ఎవరి ఇల్లు ఎటు, ఎవరి బండిలో ఎవరు. ఇది గురువారానికే గ్రూపులో పడాలి. మడికొండ వైపు ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లలో కొందరు కాజీపేటలో, కొందరు నక్కలగుట్టలో, కొందరు వరంగల్ పోచమ్మమైదాన్ దిక్కు ఉంటారు. ఒక్క కారు అందరినీ దింపాలంటే గంట పడుతుంది. అందుకే ఇళ్ల దిక్కును బట్టి బండ్లు పంచండి, స్నేహాన్ని బట్టి కాదు.

బండి నడిపేవాళ్లు ఆ రాత్రి మందు ముట్టొద్దు. ‘ఒక్క బీరే కదా’ అనేవాళ్లకు లెక్క చూపించండి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో 7 శాతం ఆల్కహాల్ ఉందనుకుంటే అది 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులు మూడున్నరతో సమానం. 65 కిలోల మగమనిషి ఆ ఒక్క సీసా గబగబా తాగితే రక్తంలో హద్దుకు రెండింతలకు పైనే ఉంటుంది. ఒంట్లోంచి అది పూర్తిగా పోవడానికి ఐదు గంటలకు పైనే పట్టొచ్చు. చాయ్, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం మత్తు దిగినట్టు అనిపించేలా చేస్తాయి గానీ రక్తంలో ఉన్నదాన్ని తగ్గించవు. కాలేయం తన వేగంతోనే దాన్ని తీసేస్తుంది.

ఆడవాళ్లను ఆటో ఎక్కించి చెయ్యి ఊపడంతో పని అయిపోదు. బండి నంబరు ఫొటో గ్రూపులో పడాలి, ఇల్లు చేరాక వాళ్లే ‘చేరిన’ అని రాయాలి. ఆ మాట వచ్చేదాకా మిగతావాళ్లలో ఒకరు మేలుకుని ఉండాలి. తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ సేవ 2024 నుంచి ఉంది, ప్రయాణం సాగినంతసేపు కనిపెట్టుకుని ఉంటుంది. దాన్ని ఇంట్లో ఉన్నప్పుడే ఫోనులో సిద్ధం చేసుకోవాలి, చీకట్లో రోడ్డు పక్కన నిలబడి కాదు.

పెద్ద కచేరీ కోసం హైదరాబాద్ పోతే లెక్క మారుతుంది. హనుమకొండ నుంచి దాదాపు 150 కిలోమీటర్లు. కచేరీలు ఎక్కువగా గచ్చిబౌలి, హైటెక్స్ వైపు జరుగుతాయి. వరంగల్ బస్సులు ఉప్పల్ మీదుగా పోతాయి. ఈ కొస నుంచి ఆ కొసకు నగరం దాటేసరికే అర్ధరాత్రి. సొంత కారయితే అవుటర్ రింగ్ రోడ్డు మీద ఘట్‌కేసర్ దాకా వచ్చి అక్కడ వరంగల్ హైవే ఎక్కడం మేలు, నగరం నడుమ నుంచి రావద్దు. బైకులను అవుటర్ మీదికి రానివ్వరు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం నిద్ర. రాత్రి రెండు నుంచి ఐదు మధ్య కన్ను దానంతటదే మూతపడుతుంది. ఎనిమిది పది మంది ఉంటే డ్రైవర్‌తో సహా బండి మాట్లాడుకోండి, ఆయన మధ్యాహ్నం నిద్రపోయాడో లేదో అడగండి, మీతోపాటు ఆయనకూ అన్నం పెట్టించండి. లేదంటే అక్కడే ఎవరింట్లోనైనా పడుకుని తెల్లారి రండి.

లోపలికి పోయాక ఎక్కడ నిలబడాలి

చాలామంది ముందు వరుస కోసం తోసుకుంటారు. గాయకుడి మొహం చూడాలంటే అది సరే. పాట వినాలంటే అది మంచి చోటు కాదు. పెద్ద బాక్సులు వేదికకు రెండు పక్కలా ఉంటాయి, వాటి శబ్దం ముందు వరుస మధ్యలో ఉన్నవాళ్ల తల మీదుగా, పక్కలుగా పోతుంది. అక్కడ డ్రమ్స్ నేరుగా చెవిలో మోగుతాయి, గొంతు మాత్రం సన్నగా వినిపిస్తుంది. బేస్ బాక్స్ ముందు నిలబడితే ఛాతీ అదురుతుంది తప్ప మాట అర్థం కాదు.

మిక్సర్ బల్ల ఎక్కడుందో వెతకండి. సాధారణంగా మైదానం నడుమన, వేదికకు ఎదురుగా కొంచెం వెనక ఉంటుంది. సౌండ్ చూసే మనిషి తన చెవికి బాగుండేట్టు అన్నీ సర్దుతాడు. ఆయన చెవికి బాగుందంటే ఆయన పక్కన మీకూ బాగుంటుంది. ఆ బల్లకు కొంచెం ముందు నిలబడితే వేదిక కూడా కనబడుతుంది. టికెట్ కొనేటప్పుడు కూడా ఇదే చూడండి: ఖరీదైన ముందు కుర్చీ కంటే నడిమి వరుస కుర్చీలో పాట బాగుంటుంది.

ఫంక్షన్ హాళ్లలో ఇంకో చిక్కు. సిమెంటు గోడలు, రేకుల కప్పు, నున్నటి బండలు. శబ్దం తగిలి మళ్లీ మళ్లీ తిరిగొస్తుంది, ఒక మాట అయిపోకముందే దాని మీద ఇంకో మాట పడుతుంది. హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఇది మరీ ఎక్కువ. జనం నిండితే బట్టలు, ఒళ్లు కొంత శబ్దాన్ని పీల్చుకుంటాయి, పాట తేటపడుతుంది. మొదటి రెండు పాటలు గందరగోళంగా ఉన్నాయని లేచిపోవద్దు. వెనక గోడకు ఆనుకుని, బాల్కనీ కింద మాత్రం కూర్చోవద్దు.

జనం వేలల్లో ఉంటే ఫోను పనిచేయదు, అందరి ఫోన్లూ ఒకే టవర్‌ను పట్టుకుని ఉంటాయి. టికెట్ క్యూఆర్‌ను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. విడిపోతే ఎన్నింటికి, ఏ గేటు బయట, ఏ పక్కన కలవాలో లోపలికి పోయేముందే నోటితో చెప్పుకోండి. పెద్ద సంచులు, నీళ్ల సీసాలు, పవర్ బ్యాంకులు చాలాచోట్ల రానివ్వరు. గేటు దగ్గర వాటి కోసం కొట్లాడితే మొదటి పాట పోతుంది.

చెవులు

చెవి పాడైతే మళ్లీ రాదు. లోపలి సన్న వెంట్రుకల్లాంటి కణాలు ఒకసారి చచ్చిపోతే తిరిగి పుట్టవు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలు భరించగలిగే చెవి, ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినకొద్దీ అందులో సగం సేపే భరిస్తుంది. 100 దగ్గరికి వస్తే పదిహేను నిమిషాలే. పెద్ద బాక్సుల ముందు 100 దాటడం మామూలే. పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే చెవి దగ్గర అరవాల్సి వస్తుందంటే మీరు ఆ హద్దు దగ్గరే ఉన్నారు.

దూదితో లాభం లేదు, చాలా తక్కువ ఆపుతుంది. మెత్తటి ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ తీసుకోండి, ఖరీదు కూడా తక్కువే. పెట్టుకోవడంలోనే తప్పు జరుగుతుంది. ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా పుల్లలా నలిపి, రెండో చేత్తో తల వెనక నుంచి చెవి పైభాగాన్ని పైకి లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో అదిమి ఉంచాలి. బయటే అంటించి వదిలేస్తే పెట్టుకోనట్టే. ఫోమ్ ప్లగ్‌తో పాట కొంచెం మొద్దుబారుతుంది. తరచూ కచేరీలకు పోయేవాళ్లు సంగీతం వాళ్ల కోసం చేసినవి కొనుక్కుంటే అన్ని స్వరాలూ సమానంగా తగ్గుతాయి.

ఆరుబయట దూరం రెట్టింపు చేస్తే దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. బాక్సుకు పది అడుగుల నుంచి నలభై అడుగులకు జరిగితే 12 తగ్గినట్టు. నడిచిపోవడానికి పైసలు అక్కర్లేదు. తెల్లారి చెవుల్లో గుయ్‌మంటే ఆ రోజు ఇయర్‌ఫోన్లు పెట్టొద్దు. రెండు మూడు రోజులైనా తగ్గకపోతే చెవి డాక్టరును కలవండి.

తిండి, మందు, పైసలు

ఖాళీ కడుపుతో పోవద్దు. తాగనివాళ్లకైనా మూడు గంటలు నిలబడాలంటే తిండి కావాలి. సర్వపిండి ముక్క, గుడాలు, ఏదైనా సరే. తాగేవాళ్లు పెగ్గుకు పెగ్గుకు మధ్య ఒక గ్లాసు నీళ్లు తాగాలి. ఎండకాలంలో ఆరుబయట కచేరీ అయితే మనిషికి లీటరు నీళ్లు తప్పదు. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మందు అమ్మకూడదు, కొత్తగా చేరిన ట్రైనీలు బల్ల దగ్గరుంటే ఇది గుర్తుంచుకోండి.

తాగనివాళ్లను ఎందుకు తాగవని అడగొద్దు. పైఉద్యోగి కూడా వచ్చిన రాత్రి ఈ మాట మరీ ముఖ్యం, ఆయన ‘ఒక్కటి తీసుకో’ అంటే కింది ఉద్యోగికి కాదనడం కష్టం. ఫొటోలు తీసే ముందు అడగండి. గ్లాసు చేతిలో ఉన్న ఫొటో ఆఫీసు గ్రూపులో పెట్టొద్దు, అది ఎవరింటి దాకా పోతుందో మీకు తెలియదు.

కూర్చోగానే తిండికి ఒక బిల్లు, మందుకు ఒక బిల్లు చెప్పండి. ఎనిమిది మంది తిండి 3,200 అయితే తలా 400. మందు 2,600 అయితే తాగిన నలుగురూ తలా 650. అంతా కలిపి ఎనిమిదితో భాగిస్తే నిమ్మసోడా తాగిన మనిషి బీరుకు పైసలు కట్టినట్టవుతుంది. ఆ మనిషి వచ్చేసారి రారు, కారణం కూడా చెప్పరు. సర్వీస్ చార్జ్ తప్పనిసరి కాదు, వద్దంటే తీసేయాలి.

ఒగ్గుకథ, చిందు, ఖవ్వాలీ దగ్గర

ఇవి కుర్చీల కచేరీలు కావు. ఒక చాప, చలికాలమైతే ఒక శాలువ తీసుకుపోండి. కథకుడు ఎటు మొహం పెట్టి చెబుతున్నాడో చూసి, ఆ పక్క దగ్గరగా కూర్చోండి. ప్రధాన కథకుడు చెప్పే మాటను పక్కవాళ్లు అందుకుంటారు, ప్రశ్న వేస్తారు, నవ్విస్తారు. ఆ అందుకోవడంలోనే సగం రుచి ఉంది. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ గంటలు గంటలు సాగుతాయి. పది నిమిషాలు విని వీడియో తీసుకుని లేస్తే ఏమీ దక్కదు, కనీసం గంటన్నర ఉండేలా పోండి. కథ తెలియని దోస్తులకు దారిలోనే కారులో చెప్పి ఉంచండి.

అక్కడ పాట మొక్కులో, పూజలో భాగం. పట్నం ముగ్గును దాటొద్దు, చెప్పులతో దగ్గరికి పోవద్దు. కట్నం చదివించాలనుకుంటే 50, 100 రూపాయల నోట్లు ముందే మార్చి పెట్టుకోండి, డోలు వాయించే మనిషి స్కానర్ చూపించలేడు. ఖవ్వాలీలో కూడా నోటును విసరొద్దు, వంగి ముందు పెట్టండి. ఆర్కెస్ట్రాలో పాట కావాలంటే అరవకుండా చీటీ రాసి, ఒక పాట అయిపోయాక ఇవ్వండి.

జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో చిందు యక్షగానానికి, అంటే వేషాలు కట్టి పాట, ఆటతో కథ ఆడే కళకు, పద్మశ్రీ వచ్చింది. ఇంత పెద్ద కళ మన ఇంటి పక్కనే ఉంటే నగరం దాకా పోయి టికెట్లు కొనేవాళ్లు ఒక్కసారైనా చిందు చూడాలని మా కోరిక. డప్పు బృందాన్ని పిలిచేవాళ్లు మంట వేసుకునే జాగా, ఎండుగడ్డి ఇవ్వండి. తేమకు డప్పు తోలు వదులై మోత చచ్చిపోతుంది, మంటకు కాపితే బిగుస్తుంది. వానాకాలం అయితే మధ్యమధ్యలో మళ్లీ కాపాలి, ఆ విరామానికి తొందరపెట్టొద్దు. ఒప్పుకున్న పైసలు ఆ రాత్రే చేతిలో పెట్టండి.

ఎటూ పోలేకపోతే, మేడ మీద

పదిహేను ఇరవై మందికి 12 అంగుళాల పవర్డ్ స్పీకర్ (యాంప్లిఫయర్ లోపలే ఉండేది) ఒక్కటి, రెండు మైకులు, చిన్న మిక్సర్ చాలు. అద్దెకు దొరుకుతాయి. తెచ్చేటప్పుడు మైకు వైరు ఒకటి అదనంగా అడగండి, చెడిపోయేది ఎప్పుడూ అదే.

స్పీకర్‌ను స్టాండు మీద చెవి ఎత్తుకు పెట్టి వినేవాళ్ల వైపు తిప్పండి. పాడేవాళ్లు స్పీకర్‌కు వెనకపక్క ఉండాలి. స్పీకర్ ముందుకు మైకు తీసుకుపోతే దాని శబ్దం మళ్లీ మైకులో దూరి, మళ్లీ స్పీకర్‌లోంచి వచ్చి, తిరిగి తిరిగి కీచుమంటుంది. మైకు నోటికి రెండు మూడు వేళ్ల దూరంలో ఉండాలి. దూరం పెడితే వాల్యూమ్ పెంచాల్సి వస్తుంది, పెంచితే కీచు. మైకు జాలీ బంతిని గుప్పిట్లో మూసి పాడితే కూడా అంతే, పక్కల నుంచి వచ్చే శబ్దాన్ని వదిలేసే గుణం దానికి పోతుంది.

అన్ని వైర్లనూ ఎర్త్ ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. ఒకటి ఇక్కడ, ఒకటి కింది ఇంట్లో పెడితే గుయ్‌మనే మోత రావచ్చు. మేడ తడిగా ఉంటే అసలు పెట్టొద్దు. ట్రాక్ వేసే ఫోనును వైరుతో కలిపి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, పాట నడుమ ఎవరో ఫోన్ చేస్తే ఆ రింగు వీధంతా మోగుతుంది. గొంతు అందకపోతే ట్రాక్ శ్రుతిని రెండు మూడు మెట్లు దించుకోండి. మగవాళ్ల పాట ఆడవాళ్లు పాడేటప్పుడు నాలుగైదు మెట్లు మార్చాల్సి రావచ్చు.

రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఇళ్ల మధ్య పగటి హద్దే 55 డెసిబెల్స్. అంటే పది లోపల కూడా పక్కింటివాళ్లకు రెండు రోజుల ముందు చెప్పి, వాళ్లింట్లో పరీక్షలు రాసే పిల్లలో, ముసలివాళ్లో ఉన్నారేమో అడిగి, వీలైతే వాళ్లనూ పిలవాలి. తొమ్మిదిన్నరకు ఆఖరి పాట అని ముందే ప్రకటించండి, అప్పుడు పదింటికి నిజంగా అయిపోతుంది. ఆ తర్వాత మైకు లేకుండా, చప్పట్లతో పాడుకునే పాటలు కొన్ని దాచిపెట్టుకోండి. సామాను తీసేటప్పుడు ముందు స్పీకర్ స్విచ్ ఆపి, తర్వాత మిక్సర్ ఆపండి. వరుస తప్పితే ‘ఢాం’ అని చప్పుడొచ్చి స్పీకర్ కోన్ దెబ్బతినొచ్చు.